చారిటీ షాపులో దాత ఎవరు?

జీతం పుచ్చుకునే గుమాస్తా విసుక్కుంటే ఏం చేయాలో మనకు తెలుసు. పైవాళ్ళను పిలవమంటాం, లేదంటే పక్క షాపుకు పోతాం. జీతం లేకుండా తన పూట ఖర్చుపెట్టుకుని నిలబడ్డ మనిషి విసుక్కుంటే మాత్రం నోరు పెగలదు. ‘పాపం, ఊరికే చేస్తున్నారు కదా’ అని మనమే సర్దుకుపోతాం. బ్రిటన్‌లో ఉంటూ, ఇక్కడి చారిటీ షాపులను ఇష్టంగా వాడుకుంటూ, ఈ ‘ఊరికే చేస్తున్నారు కదా’ అన్న సర్దుబాటు ఎంతవరకు చెల్లుతుందని చాలాసార్లు ఆలోచించాను. చెల్లదనే నా నమ్మకం. ఎందుకు చెల్లదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ షాపుల సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ ఏ ఊరి ప్రధాన బజారుకు, అంటే హై స్ట్రీట్‌కు వెళ్ళినా, బ్యాంకు ఎత్తేసినా, పెద్ద బట్టల దుకాణం మూతపడినా, చారిటీ షాపులు మాత్రం రెండో మూడో కనిపిస్తాయి. ఆక్స్‌ఫామ్, బర్నార్డోస్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్, క్యాన్సర్ రిసెర్చ్ యూకే, ఏజ్ యూకే, షెల్టర్, సూ రైడర్, ఇంకా చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఊరి హాస్పిస్ పేరుతో నడిచేవి. దేశం మొత్తం మీద 10,000కు పైగా ఉన్నాయి. జనం తమకు అక్కర్లేని బట్టలు, పుస్తకాలు, పింగాణీ సామాను, పిల్లల బొమ్మలు సంచుల్లో తెచ్చి ఇస్తారు. వాటిని ఏరి, శుభ్రం చేసి, ధర కట్టి అమ్ముతారు. ఆ డబ్బు ఒకచోట గుండెజబ్బుల పరిశోధనకు, ఒకచోట ముసలివాళ్ళ బాగోగులకు, ఇంకోచోట నిలువనీడ లేనివాళ్ళకు వెళ్తుంది. ఈ షాపుల్లో జీతానికి ఉండేది ఒకరో ఇద్దరో. మిగతా పనంతా వలంటీర్లదే. దేశమంతా కలిపితే వాళ్ళు దాదాపు 1,80,000 మంది.

నా చిన్నప్పుడు మా వీధిలోకి స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చేది. చీర జరీ చూసి, చొక్కా కాలరు తిప్పి చూసి, ‘ఈ గిన్నెకు ఇంకో రెండు చీరలు వెయ్యాలమ్మా’ అని బేరమాడేది. మా అమ్మ ఒక చీర వేసి, ఒకటి వెనక్కి తీసుకునేది. అరగంట సాగే ఆ బేరంలో దానం అన్న ఊసే లేదు. అందుకే ఎవరికీ ఎవరి మీదా పైచేయి ఉండేది కాదు. చారిటీ షాపులో అమ్మకమూ ఉంది, దానమూ ఉంది, రెండూ ఒకే గదిలో జరుగుతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కౌంటరు వెనక ఉన్న మనిషి తాను దానం వైపు ఉన్నానని, తలుపు తోసుకుని వచ్చినవాడు పుచ్చుకునే వైపు ఉన్నాడని అనుకుంటే, గొంతు దానంతటదే మారిపోతుంది.

ఈ షాపులు పుట్టిన కాలంలో ఆ తేడా అంత స్పష్టంగా లేదు. యుద్ధం రోజుల్లో, 1941లో, లండన్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో రెడ్ క్రాస్ వాళ్ళు ఒక గిఫ్ట్ షాపు తెరిచారు. ఇచ్చేవాళ్ళదీ, కొనేవాళ్ళదీ, గాయపడ్డవాళ్ళదీ ఒకటే యుద్ధం. 1942లో, నాజీల ఆక్రమణలో ఉండి తిండిలేక చచ్చిపోతున్న గ్రీసు ప్రజల కోసం ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు ఒక కమిటీగా కూడారు. అదే తర్వాత ఆక్స్‌ఫామ్ అయింది. ఆ దశకం చివర్లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో వాళ్ళు తెరిచిన షాపు ఇప్పటికీ నడుస్తోంది. 1951లో బిహార్ కరువుకు సాయం పంపడంతో ఆక్స్‌ఫామ్‌కూ మన దేశానికీ సంబంధం మొదలైంది. ఇక్కడ ఎవరో కొన్న పాత కోటు తాలూకు పౌను ఎక్కడో ఒక ఆకలికి చేరుతుందన్న నమ్మకం మీదే ఈ షాపులన్నీ నిలబడ్డాయి. ఆ నమ్మకంలో కొన్నవాడి పాత్ర చిన్నదేమీ కాదు.

నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరి పేరు, షాపు పేరు అక్కర్లేదు. జనవరిలో వచ్చే విద్యార్థుల సంగతి ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. విమానం దిగేదాకా చలంటే ఏమిటో తెలియదు. హైదరాబాదులో కొన్న జాకెట్టు ఇక్కడి గాలికి ఆగదు. అలాంటి కుర్రాడొకడు చారిటీ షాపులో కోట్ల వరస ముందు నిలబడి ఒక్కొక్కటీ భుజాల మీదకు వేసుకుని చూసుకుంటున్నాడు. నేను పుస్తకాల దగ్గర ఉన్నాను. చివరికి మందపాటి ఉన్ని కోటు ఒకటి తీసుకుని కౌంటరు దగ్గరకు వెళ్ళాడు. ఎనిమిది పౌన్ల చీటీ ఉంది. కోటుకు ఒక బొత్తాం లేదు. అది చూపించి, మెల్లగా, ఏమైనా తగ్గిస్తారా అని అడిగాడు.

కౌంటరులో ఉన్నావిడ చీటీ చూడలేదు, బొత్తాం చూడలేదు. షాపంతా వినబడేటట్టు, ‘ఇది చారిటీ. మీ దేశంలో బజారు కాదు. కొనలేకపోతే తీసుకెళ్ళి తీసినచోటే పెట్టు’ అంది.

వాడు కోటును హ్యాంగరుకు తగిలించి, భుజాలు సరిచేసి, వరసలో తీసినచోటే పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడతో రెండు మాటలు మాట్లాడాను. ఆ కుర్రాడు అడిగింది బిచ్చం కాదనీ, బొత్తాం లేని కోటుకు ధర అడగడం ఏ దేశంలోనైనా తప్పు కాదనీ చెప్పాను. ‘నేనిక్కడ ఊరికే పనిచేస్తున్నాను, తెలుసా?’ అన్నదే జవాబు. బయట బస్ స్టాపులో కుర్రాడు కనిపించాడు. నల్లగొండ దగ్గర పల్లె. లోపలికి పోయి కోటు తెచ్చుకుందాం రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. ‘వద్దంకుల్. ప్రైమార్క్‌ల కొత్తదే తీస్కుంట. పైసలు ఎక్కువైనా మంచిదే, మల్ల గా షాపుకు మాత్రం పోను’ అన్నాడు.

ఏడు పౌన్లకు ఇచ్చినా ఆ సంస్థకు ఏడు పౌన్లు వచ్చేవి. తగ్గించడం కుదరదని మామూలుగా చెప్పి ఉంటే ఎనిమిదీ వచ్చేవి. ఆ కోటు కొని ఉంటే ఆ నల్లగొండ పిల్లవాడు కూడా దాతే. వాడి పార్ట్ టైమ్ సంపాదనలోంచి, వాడు ఎన్నడూ చూడని ఏ రోగికో ఎనిమిది పౌన్లు వెళ్ళేవి. సంచి తెచ్చి ఇచ్చినవారు వస్తువు ఇచ్చారు, వలంటీరు తన పూట ఇచ్చారు, కొనేవాడు డబ్బు ఇస్తాడు. మూడోవాడు రాకపోతే మొదటి ఇద్దరి దానం పాతగుడ్డల దగ్గరే ఆగిపోతుంది. ఆ ముగ్గురిలో కౌంటరు వెనక నిలబడ్డవారికి మాత్రమే మిగతా ఇద్దరి ముఖాలూ కనబడతాయి. ఆ ఇద్దరినీ కలిపే పనే వలంటీరుది. ఆ పనిలో నోటిమాట ప్రధానమైన పనిముట్టు. అది చెడిపోయాక ఎన్ని గంటలు ఊరికే నిలబడ్డా పని జరిగినట్టు కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. అగౌరవంగా, ఎదుటివాడిని తక్కువచేసి ఇచ్చే దానాన్ని గీత పదిహేడో అధ్యాయం తామసం కింద కట్టేసింది. వస్తువు ఎంత మంచిదైనా, పుచ్చుకున్నవాడికి ఎంత పనికొచ్చినా, ఆ లెక్క మారదు. అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మగారి పేరు ఇన్నేళ్ళు నిలవడానికి కారణం ఎంతమందికి పెట్టారన్న లెక్క ఒక్కటే అయి ఉండదు. గోదావరి పాయలు దాటి లంకల గన్నవరం చేరిన బాటసారికి వేళకాని వేళలో కూడా విసుగులేకుండా వడ్డించారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం నాడు ఆవిడ ఫొటో తెప్పించి పెట్టుకున్నారన్న కథ కూడా అక్కడి పిల్లలందరికీ తెలుసు. 1909లో ఆవిడ పోయారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. అన్నం పెట్టినవాళ్ళు ఆ సీమలో ఇంకా ఎందరో ఉన్నారు. విసుక్కోకుండా పెట్టారు కాబట్టే ఆవిడ గుర్తున్నారు.

అలాగని ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనవాళ్ళు మాత్రం బంగారం అని నేను అనడం లేదు. గుళ్ళో క్యూలైను దగ్గర మెడలో బ్యాడ్జీ వేసుకుని, ముసలమ్మ చేయి పట్టుకు లాగి ‘జరగమ్మా, జరుగు’ అని తోసే సేవకులను అందరం చూశాం. అన్నదానం పంక్తిలో రెండోసారి పప్పు అడిగితే గరిటె ఆపి ఎగాదిగా చూసేవాళ్ళనూ చూశాం. వాళ్ళూ జీతం లేనివాళ్ళే. వాళ్ళ దగ్గరా అదే ధైర్యం: నేను ఊరికే చేస్తున్నాను, నన్ను అడిగేదెవరు?

వలంటీర్ల పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది. కొంతకాలం నేనూ ఒక షాపు వెనక గదిలో పనిచేశాను. ముందు గదిలో వరసగా వేలాడే బట్టలు చూసి మురిసిపోయేవాళ్ళు ఆ వెనక గది ఒక్కసారి చూడాలి. నేల నుంచి నడుము దాకా సంచులు. షాపు మూసి ఉన్నప్పుడు గుమ్మంలో పడేసి వెళ్ళినవి వానకు తడిసి ఉంటాయి. విప్పితే బూజు వాసన. ఉతకని లోదుస్తులు, విరిగిన బొమ్మలు, అట్ట చిరిగిన కుక్‌బుక్కులు, ఒంటి చెప్పు. చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పని ప్రతిదీ జనం చారిటీకి ఇస్తారు. అందులోంచి పనికొచ్చేది ఏరాలి. జేబులు వెతకాలి. స్టీమరు పట్టాలి. సైజు చూసి, ట్యాగ్ గన్‌తో చీటీ కొట్టి, వారం గుర్తు వేసి, తగిలించాలి. కొన్ని వారాల్లో అమ్ముడుపోకపోతే దించేసి పాతగుడ్డల వ్యాపారికి కిలోల లెక్కన పంపాలి. ఆ పని చేసేవాళ్ళ నడుములు సాయంత్రానికి లేవవు.

కౌంటరులో ఉండేవాళ్ళ బాధలు వేరు. చీటీలు మార్చి తెచ్చేవాళ్ళుంటారు. లోపల చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళుంటారు. ఆన్‌లైన్‌లో తిరిగి అమ్ముకోవడానికి ప్రతి పుస్తకాన్నీ ఫోనుతో స్కాన్ చేసి, మంచివన్నీ ఏరుకుని, పైగా సగం ధరకు అడిగేవాళ్ళుంటారు. పొద్దుటి నుంచి అలాంటి బేరగాళ్ళనే చూసినవారికి, అసలైన అవసరంతో అడిగినవాడు కూడా అలాగే కనిపించవచ్చు.

కొన్ని ‘వద్దు’లు వలంటీరు చేతిలో ఉండవు. సోఫాకు మంటలను తట్టుకుంటుందన్న లేబులు కుట్టి లేకపోతే తీసుకోరు. 1988లో వచ్చిన ఫర్నిచర్ నిబంధనలు అలా ఉన్నాయి. కరెంటు సామాను పరీక్ష చేయకుండా అమ్మకూడదు, ఆ పరీక్ష చేసే మనిషి ప్రతి షాపులో ఉండడు. పిల్లల కారు సీటు, బైకు హెల్మెట్ ఎంత కొత్తగా ఉన్నా, లోపల దెబ్బ తిన్నాయో లేదో తెలియదు కాబట్టి వద్దంటారు. మనం ఇంత బరువు మోసుకుని తెస్తే ఒక్కమాటలో వద్దన్నారని నొచ్చుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. వద్దనడం అమర్యాద అనిపించుకోదు.

మాట తక్కువైనంత మాత్రాన కూడా అమర్యాద అనలేం. ఈ విషయంలో మనం తొందరపడకూడదు. కౌంటరు వెనకకు ఎవరెవరు, ఎలా వస్తారో తెలిస్తే తొందరపడం కూడా. రిటైరైన టీచర్లు, భర్తపోయి ఇంట్లో ఒక్కరే ఉండలేక వచ్చే ఆడవాళ్ళు, డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు కోసం గంటలు పూర్తిచేసే బడిపిల్లలు, జైలుకు బదులు ఇన్ని గంటలు సమాజానికి పనిచేయమని కోర్టు పంపినవాళ్ళు, ఆశ్రయం కోరి వచ్చి జీతానికి పనిచేసే హక్కు లేక ఏదో ఒక వ్యాపకం కోసం చేరినవాళ్ళు, మానసికంగా కుంగిపోయి డాక్టరు సలహా మీద నలుగురిలోకి వచ్చినవాళ్ళు. ఇక్కడ మా ఊరి షాపులో ఒక అబ్బాయి ఉన్నాడు. కళ్ళలోకి చూడడు, హలో అనడు, చిల్లర అరచేతిలో పెట్టకుండా కౌంటరు మీద వరసగా పేరుస్తాడు. కొత్తవాళ్ళు మొహం చిట్లిస్తారు. కానీ చిల్లరలో ఒక్క పెన్నీ తేడా రానివ్వడు, గాజు సామానుకు మూడు పొరల కాగితం చుడతాడు. ఆ చుట్టడంలో ఉన్న శ్రద్ధ మర్యాదే. కొత్తవాళ్ళను తికమక పెట్టే ఆ మౌనానికీ, కోటు పట్టుకున్న కుర్రాడి మీద పడ్డ మాటకూ పోలికే లేదు.

మరి నేను తప్పు పడుతున్నది ఎవరిని? షాపు తన సొంతమన్న భావం బలపడిపోయినవాళ్ళను. ఏళ్ళ తరబడి వస్తూ, ఫలానా కుర్చీ నాది, ఫలానా రోజు నాది, ఈ గల్లాపెట్టె నేను తప్ప ఎవరూ ముట్టకూడదు అనుకునేవాళ్ళను. కొత్త వలంటీరు వస్తే పని నేర్పరు. ఉచ్చారణ వేరుగా ఉన్నవాడు అడిగితే రెండుసార్లు చెప్పించుకుంటారు, మూడోసారి వినబడనట్టు ఊరుకుంటారు. అదే ప్రశ్న పక్కన నిలబడ్డ తెల్ల పెద్దమనిషి అడిగితే నవ్వుతూ చెబుతారు. అందరూ ఇలా ఉంటారని కాదు, ఎక్కువమంది అసలే కాదు. కానీ ఒక షాపులో ఒక్కరు చాలు, ఆ రోజు తలుపు తోసినవాళ్ళందరికీ ఆ షాపంటే ఆ ఒక్కరే.

2009లో బీబీసీ వాళ్ళు ‘మేరీ క్వీన్ ఆఫ్ చారిటీ షాప్స్’ అని ఒక కార్యక్రమం వేశారు. దుకాణాలను తీర్చిదిద్దడంలో పేరున్న మేరీ పోర్టస్, ఓర్పింగ్టన్‌లో సేవ్ ద చిల్డ్రన్ వాళ్ళ షాపును బాగుచేయడానికి దిగింది. అద్దాలూ దీపాలూ మార్చడం తేలికే. అలవాటుపడిన వలంటీర్లను కొత్త పద్ధతికి ఒప్పించడం దగ్గరే ఆవిడకు చెమటలు పట్టాయి. చూసినవాళ్ళకు ఒక సంగతి అర్థమవుతుంది: జీతం ఇవ్వని మనిషిని ‘ఇలా చెయ్యి’ అని చెప్పడం ఎంత కష్టమో.

నాకు తెలిసిన ఒక మేనేజరు ఇదే మాట నాతో చెప్పుకుంది. ‘ఫిర్యాదులు నా దాకా వస్తూనే ఉంటాయి. ఏం చేయను? జీతం కోయడానికి జీతం లేదు. గట్టిగా అంటే రేపటి నుంచి రారు. రాకపోతే మధ్యాహ్నం నుంచి షాపు మూసుకోవాలి. మూసుకుంటే పైవాళ్ళు నన్ను అడుగుతారు.’ ఆవిడ ఇబ్బంది నిజమైనదే. కానీ ఆ భయంతో ఊరుకున్నప్పుడల్లా, రోజుకు కొందరు కొనేవాళ్ళు, కొందరు ఇచ్చేవాళ్ళు చెప్పకుండా తగ్గిపోతారు. మానేసిన వలంటీరు లెక్కలో కనబడతాడు. మళ్ళీ రాని మనిషి ఏ లెక్కలోనూ కనబడడు.

ఇంకొక మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. జీతం లేని ఈ సేవకు సమాజం తన వంతు ధర చెల్లిస్తూనే ఉంది. చారిటీ షాపులకు ఆస్తిపన్ను లాంటి బిజినెస్ రేట్లలో 80 శాతం మినహాయింపు. దానంగా వచ్చిన వస్తువు అమ్మితే వ్యాట్ సున్నా. పన్ను కట్టే దాత గిఫ్ట్ ఎయిడ్‌కు సంతకం పెడితే, ఆయన వస్తువు అమ్మిన ప్రతి పౌనుకూ ప్రభుత్వం ఇంకో 25 పెన్నీలు కలుపుతుంది. ఇదంతా ఇక్కడ పన్ను కట్టే ప్రతివాడి డబ్బు, మన తెలుగు నర్సులదీ, సాఫ్ట్‌వేర్ పిల్లలదీ కూడా. కాబట్టి తలుపు తోసుకుని వచ్చినవాడిని పరాయివాడిగా చూసే హక్కు కౌంటరు వెనక ఎవరికీ లేదు.

కొనేవాళ్ళ కంటే ఇచ్చేవాళ్ళు పడే అవమానం నన్ను ఎక్కువ బాధిస్తుంది. చారిటీ షాపుకు వచ్చే సంచుల్లో పోయినవాళ్ళ బట్టలు చాలా ఉంటాయి. మన దగ్గర పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు, ఆ పని చుట్టాలే చూసుకుంటారు. ఇక్కడ చుట్టాలుండరు. భార్యే బీరువా తెరవాలి, భార్యే మడతపెట్టాలి, భార్యే సంచి మోయాలి.

రాజమండ్రి ఆవిడ, మాకు వదిన వరస. అన్నయ్యగారు పోయిన తర్వాత చాలాకాలం బీరువా తెరవలేదు. ఒక శనివారం ఫోన్ చేసి, ‘రెండు సంచులున్నాయి, కారులో తీసుకెళ్తారా?’ అంది. ఇస్త్రీ చేసి మరీ సర్దింది. మొదటి షాపులో గుమ్మం దగ్గరే ఒకావిడ చేయి అడ్డం పెట్టింది. ‘బోర్డు చదవడం రాదా? ఇవాళ ఏమీ తీసుకోవడం లేదు.’ అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది, నిజమే. వెనక గది నిండిపోయి ఉంటుంది, అదీ నిజమే. కానీ ఆ సంచి పట్టుకున్న మనిషి ముఖం చూసి ఉంటే ఆ మాట ఆ గొంతుతో వచ్చేది కాదు. వదిన సంచి పిడిని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ‘వెళ్ళిపోదాం, ఇంటికి తీసుకెళ్ళిపోదాం’ అంది.

అదే వీధి చివర ఇంకో షాపు ఉంది. అక్కడ కౌంటరులో ఉన్న ముసలాయనకు చేతులు వణుకుతాయి. సంచి అందుకుంటూనే, ‘ఇవి ఎవరివండీ?’ అని అడిగాడు. వదిన చెప్పింది. ఆయన సంచిని వెనక గదిలోకి విసిరేయలేదు. కుర్చీ చూపించి, కోటు బయటికి తీసి, ఆవిడ ముందే జేబులు ఒక్కొక్కటీ చూశాడు. లోపలి జేబులో చదువుకునే కళ్ళద్దాలు దొరికాయి. అవి ఆవిడ చేతికి ఇచ్చి, ‘వీటిని మీ దగ్గరే ఉంచుకోండి’ అన్నాడు. గిఫ్ట్ ఎయిడ్ కాగితం తీసి, మళ్ళీ పక్కన పెట్టి, ‘తొందరేం లేదు, ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం’ అన్నాడు. ఆవిడే అడిగి నింపింది. అలా నింపినవాళ్ళకు, ఇచ్చినవి ఎంతకు అమ్ముడుపోయాయో తెలియజేస్తూ సంస్థ ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం వచ్చిందని వదిన మా ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపించింది. ఇప్పుడు ఆవిడ బర్త్‌డే కార్డులు, గాజు సీసాలు, మనవరాలికి కథల పుస్తకాలు అన్నీ ఆ షాపులోనే కొంటుంది. వణికే చేతుల ఆ పెద్దాయన జీతం ఎంత? మొదటి షాపు ఆవిడకు ఎంతో, ఈయనకూ అంతే.

అందుకే ‘ఊరికే చేస్తున్నారు కదా’ అన్న మాటను నేను ఒప్పుకోలేను. సేవలో మర్యాద కొసరు కాదు, అసలులోనే కలిసి ఉంటుంది. ఇంట్లో కష్టం ఉండవచ్చు, మోకాళ్ళు నొప్పి పెట్టవచ్చు, పొద్దుటి నుంచి బేరగాళ్ళు విసిగించి ఉండవచ్చు. అలాంటి రోజున కౌంటరు వదిలి వెనక గదిలోకి వెళ్ళి స్టీమరు పట్టుకునే వీలు ప్రతి వలంటీరుకూ ఉంది. జీతానికి పనిచేసేవాడికి ఆ వెసులుబాటు లేదు.

మేనేజర్లు కూడా చేరిన మొదటి రోజున గల్లాపెట్టె మీటలు నేర్పినంత ఓపికగా ఒక మాట నేర్పితే బాగుంటుంది: ధర తగ్గించలేకపోతే తగ్గించలేమని ఎలా చెప్పాలో, సంచి తీసుకోలేకపోతే ఏ రోజు తీసుకుంటారో, పక్కన ఇంకే షాపు తీసుకుంటుందో ఎలా చెప్పాలో. ఆ నాలుగు వాక్యాలకు ఖర్చు లేదు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలకు చెప్పేది ఒకటుంది. చారిటీ షాపులోకి తల ఎత్తుకుని వెళ్ళండి. అక్కడ మీరు చేయి చాచడం లేదు, కొంటున్నారు. కొన్న ప్రతిసారీ ఎవరికో ఇస్తున్నారు కూడా. ధర అడగండి, తగ్గించమన్నా తప్పులేదు, కుదరదంటే చీటీలో ఉన్నది ఇవ్వండి లేదా మర్యాదగా వచ్చేయండి. ఎవరైనా కించపరిస్తే అక్కడ గొడవ వద్దు. తేదీ, వేళ గుర్తుంచుకుని ఆ సంస్థ ప్రధాన కార్యాలయానికి రాయండి. వాళ్ళు చదువుతారు, చదివి తీరాలి, ఎందుకంటే వాళ్ళ పేరంతా ఆ కౌంటరు మీదే ఆధారపడి ఉంది. మంచిగా మాట్లాడినవాళ్ళ గురించి కూడా అలాగే రాయండి. ఆ ఉత్తరాలు ఇంకా తక్కువ వస్తాయి.

ఇక్కడ స్థిరపడ్డ పెద్దలకు ఒక విన్నపం. తెలుగు సంఘాల సభలకు పట్టుచీరలు కట్టుకుని వెళ్ళే ఉత్సాహంలో కొంత, వారానికి ఒక పూట, మీ హై స్ట్రీట్‌కు ఇవ్వండి. ఎవరో ఇచ్చిన కంచిపట్టు చీరను కర్టెను గుడ్డల్లో వేస్తుంటే ఆపే మనిషి అక్కడ కావాలి. ఇంగ్లీషు తడబడే తల్లిదండ్రులు మనవల బొమ్మ కోసం వస్తే ఓపికగా వినే మనిషి కావాలి. చేరడానికి పెద్ద తతంగమేమీ లేదు, లోపలికి వెళ్ళి అడిగితే ఫారం ఇస్తారు. మనుషులతో మాట్లాడే ఓపిక ఉంటే కౌంటరు అడగండి, లేకపోతే వెనక గది అడగండి. రెండు చోట్లా మనుషులు తక్కువగానే ఉన్నారు.